అందరి బడి - మౌలానా ఆజాద్ గారి బాట

పండుగలొస్తే మన పిల్లలు చదివే బడుల్లో తరగతి గదులు ముస్తాబవుతాయి. ఒకచోట వినాయకుని బొమ్మ, ఇంకోచోట క్రిస్మసు నక్షత్రం, మరోచోట రంజాను నెలవంక. కొందరు తల్లిదండ్రులకు అది ముచ్చట. మరికొందరికి మనసులో ముల్లు. గొడవ పడాలా, గమ్మున ఊరుకోవాలా అని అడిగేవారున్నారు. అలాంటివారికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి జీవితం ఒక దారి చూపిస్తుందని మేము భావిస్తున్నాము.

మౌలానా గారు 1888 నవంబరు 11న పవిత్ర మక్కా నగరంలో జన్మించారు. అసలు పేరు ముహియుద్దీన్ అహ్మద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారు పేరెన్నికగన్న పండితులు. కుటుంబం కలకత్తా వచ్చి స్థిరపడింది. భారతదేశానికి తొలి విద్యామంత్రి అయిన ఈ మహనీయుడు చిన్ననాడు బడి గడప తొక్కలేదంటే ఆశ్చర్యం కలుగుతుంది. చదువంతా ఇంట్లోనే సాగింది. అరబ్బీ, పారశీకం, తర్కం, తత్వశాస్త్రం పదహారేళ్ళకే ముగించారు. ఆపైన సర్ సయ్యద్ రచనలు చదివారు, ఇంగ్లీషు నేర్చారు. వారసత్వంగా వచ్చిందని మాత్రమే దేనినీ నమ్మకూడదనుకుని, స్వేచ్ఛాపరుడనే అర్థంలో ఆజాద్ అని కలం పేరు పెట్టుకున్నారు. సొంతంగా వెదికి, తరచి చూసి మళ్ళీ ధర్మాన్ని చేరుకున్నారు. అందుకే వారి ఈమాన్ అంత గట్టిది.

1912లో వారు స్థాపించిన ఉర్దూ వారపత్రిక పేరు అల్ హిలాల్, అంటే నెలవంక. ఆంగ్ల ప్రభుత్వం కక్షగట్టడంతో 1914లో అది మూతబడింది. 1916లో వారిని బెంగాలు నుంచి వెళ్ళగొట్టారు. 1919 ఆఖరు దాకా రాంచీలో నిర్బంధంలో ఉన్నారు. అక్కడా ఊరికే కూర్చోలేదు. 1917లో ఒక మదరసా నెలకొల్పారు. పిల్లలకు దీనీ తాలీం ఇవ్వడం సమాజం పని అని చేసి చూపించారు.

1937లో వందేమాతరం గీతంపై వివాదం వచ్చింది. మొదటి రెండు చరణాలే పాడాలని, ఇష్టం లేని చోట వేరే పాట పాడుకోవచ్చని కాంగ్రెసు కార్యవర్గం తీర్మానించింది. జాతీయ గీతాలను పరిశీలించే ఉపసంఘంలో నెహ్రూ, సుభాష్ బోసు, నరేంద్రదేవ్ గార్లతో పాటు మౌలానా గారిని కూడా నియమించింది. ఆ మరుసటి ఏడు, 1938లో, మన హైదరాబాదులో కథ తిరగబడింది. ఉస్మానియా హాస్టళ్ళ ప్రార్థన గదుల్లో అదే గీతం పాడరాదన్నారు. పాడిన విద్యార్థులను పంపించివేశారు. చాలామంది నాగపూరు వెళ్ళి చదువుకున్నారు. అప్పటి కరీంనగరు జిల్లా వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు గారు వారిలో ఒకరు. అంటే ఒకచోట మనకు కష్టమైనది ఇంకోచోట ఎదుటివారికి కష్టమవుతుంది. న్యాయం మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి.

స్వాతంత్ర్యం వచ్చాక మౌలానా గారు 1958 దాకా విద్యామంత్రిగా పనిచేశారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., సాహిత్య అకాడెమీ వారి కాలంలోనే వెలిశాయి. 1948 జనవరిలో కేంద్ర విద్యా సలహా మండలి ముందు ఒక బెంగ వెలిబుచ్చారు. సర్కారు బడి మతబోధను పూర్తిగా వదిలేస్తే, సంకుచిత బుద్ధి గలవారి చేతుల్లో పిల్లలు పడతారేమోనన్నది ఆ బెంగ. కనుక దాన్ని ప్రభుత్వమే తన కనుసన్నలలో ఉంచుకోవాలని వారు ఆశించారు. రాజ్యాంగం మరో దారి పట్టింది. 1950 జనవరి 26 నుంచి అమలైన 28వ అధికరణం ప్రకారం, పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం పొందే ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లవాణ్ణి మతబోధకు గాని, ప్రార్థనకు గాని కూర్చోబెట్టరాదు.

మరి గోడ మీది బొమ్మ సంగతేమిటి? ఆ అధికరణంలో దాని ఊసు లేదు. అది మన ఇంగితానికి వదిలిన విషయం. మన పల్లెల్లో పీర్లు లేచినప్పుడు అన్ని కులాలవారూ వస్తారు. కాని వీధిలో పండుగకు ఇష్టమున్నవాడే వస్తాడు. బడికి పిల్లవాడు రాక తప్పదు. తేడా అంతా ఇక్కడే ఉంది. బతుకమ్మ, క్రిస్మసు, ఈదు గురించి సారు చెబితే అది చదువు. ఏదో ఒక గుర్తు ముందు అందరూ చేతులు జోడించాలంటే అది బలవంతం. అలాంటప్పుడు తల్లిదండ్రులు హెడ్మాస్టరు గారిని కలిసి మర్యాదగా తమ అసమ్మతి తెలపాలి. ఆ హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. అట్లాగే, నెలవంక కట్టమని అడిగే మనం పక్క పిల్లవాని నక్షత్రాన్ని చూసి మొహం చిట్లించరాదు. 30వ అధికరణం కింద రేపు మనమే బడి పెట్టుకున్నా, అందులో చదివే ఇతర మతాల పిల్లలకు ఈ రక్షణ వర్తిస్తుంది.

మౌలానా గారు 1958 ఫిబ్రవరి 22న పరమపదించారు. ఢిల్లీలో జామా మసీదుకు, ఎర్రకోటకు నడుమ వారి సమాధి ఉంది. 1992లో వారికి భారతరత్న ప్రకటించారు. 2008 నుంచి వారి జయంతి జాతీయ విద్యా దినోత్సవంగా జరుగుతోంది.

సోదర సోదరీమణులారా! దీన్ నేర్పే బాధ్యత ముందు మన ఇంటిది, తర్వాత మసీదుది, మన సంఘాలది. దాన్ని విశాల హృదయం గల ఉస్తాదుల చేతుల్లో పెడదాం. మౌలానా గారి బెంగ తీర్చే మార్గం అదే. ఇంట్లో పునాది గట్టిగా ఉంటే బడి గోడ మీద ఏ బొమ్మ వేలాడినా మన బిడ్డ ఈమాన్ చెదరదు, పక్క బిడ్డతో స్నేహమూ చెడదు.