మట్టిని అడిగిన మనిషి – వినోగ్రాడ్‌స్కీ

మా ఊళ్లో పత్తిచేలకు మందు కొట్టాక స్ప్రేయర్లు పంటకాలువలోనే కడుగుతారు. నిరుడు అలా కడిగిన మర్నాడు చేపపిల్లలు తేలాయి. సెలవులకు వెళ్లిన నన్ను మా నాన్న అడిగాడు, బి.యస్సీ. చదువుతున్నావు గదా, నేలలోకి దిగిన మందు చివరికి ఏమవుతుందిరా అని. నేను నోరు మెదపలేకపోయాను. కాలేజీకి వచ్చి లైబ్రరీలో వెదుకుతుంటే సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ జీవితం కంటబడింది.

ఆయన 1856లో కీవ్ నగరంలో కలిగినవారింట జన్మించారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియానో నేర్వబోయి, అది విడిచి సైన్సులో చేరారు. 1887లో, గంధకపు నీళ్లలో ఉండే బెగ్గియాటోవా అనే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచే శక్తి పొందుతుందని చూపారు. తర్వాత జూరిచ్‌లో, నేలలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను వేరుచేశారు. అంతకుముందు వాటిని జెలటిన్ మీద పెంచబోయినవారు విఫలులయ్యారు. ఈయన మాత్రం ఆ జీవికి కావలసిన తిండి ఒక్కటే పెట్టి, తక్కినవాటిని పస్తుంచారు. ఒక జట్టు అమ్మోనియాను నైట్రైటు దాకా తెస్తే, మరొక జట్టు నైట్రేటు చేస్తుందని తేల్చారు.

1905 ప్రాంతంలో పరిశోధన మాని తన ఎస్టేటుకు వెళ్లిపోయారు. ఆయన జమీందారే గాని మనలాంటి రైతు కాదు. రష్యా విప్లవం తర్వాత దేశం విడవవలసి వచ్చింది. 1922లో, అరవై దాటిన వయసులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పిలుపుపై ఫ్రాన్సు చేరి మళ్లీ మట్టి చేతబట్టారు. 1953లో అక్కడే కన్నుమూశారు.

ఆయన పురుగుమందుల మీద పనిచేయలేదు. కానీ దారి ఆయనదే. మందునే తిండిగా పెట్టి, ఎవరు బ్రతుకుతారో చూడడం. 1973లో సేతునాథన్, యోషిదా అనే శాస్త్రవేత్తలు ఫిలిప్పీన్స్ వరిమడి నుంచి వేరుచేసిన ఫ్లేవోబాక్టీరియంను గూర్చి ప్రకటించారు. దానిలోని ఎంజైము డయాజినాన్, పారాథియాన్ మందులను నీటి సాయంతో తెగగొడుతుంది. పారాథియాన్ తెగితే పారా-నైట్రోఫినాల్ మిగులుతుంది. విషం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. దాన్ని తినడానికి మరో జట్టు కావాలి. ఇక్కడా పని ఇద్దరిదే!

ఈసారి ఇంటికెళ్లి నాన్నకు ఇంతే చెబుతాను. మట్టికి విషం విరిచే చేతులున్నాయి, కానీ మనం పోసినంత వేగంగా అవి పనిచేయలేవు. కాబట్టి ముందు స్ప్రేయరు కాలువలో కడగడం మానుదాం. తర్వాత మన చేలోని చారెడు మట్టి నా చేతిలో పెట్టు, మిగతాది నేను చదువుకుంటాను.