కొత్త యంత్రానికి పాత చేతిరాత

మన కంప్యూటర్లో కాగితాలు దాచుకునే చోటు అట్ట ఫోల్డరు బొమ్మలా ఉంటుంది. అక్కర్లేనివి పారెయ్యడానికి చెత్తబుట్ట బొమ్మ. సెల్‌ఫోనులో మాట్లాడటానికి నొక్కే గుర్తు పాతకాలపు రిసీవరు. అలాంటి రిసీవరు ఎన్నడూ చెవిన పెట్టుకోని మా జూనియర్లు కూడా దాన్నే నొక్కుతారు. 2010లో ఆపిల్ కంపెనీ ఐబుక్స్‌ను తెచ్చినప్పుడు, తెరమీద పుస్తకాలను చెక్క అల్మారాలో సర్ది చూపించింది. 2013లో ఆ చెక్క, తోలు సోకులన్నీ చాలామటుకు తీసేసింది. కొత్త వస్తువు ఇలా పాత వస్తువు వేషం వేసుకోవడాన్ని స్క్యూమార్ఫిజం అంటారు.

ఇదంతా కంప్యూటరు వాళ్ళ చాదస్తమని కొందరు మిత్రులు కొట్టిపారేస్తుంటారు. నాకలా తోచదు. అయిదున్నర శతాబ్దాల క్రితమే ఈ పనికి తన సర్వస్వాన్నీ ఒడ్డిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనే యోహానెస్ గూటెన్‌బర్గ్.

ఆయన 1400 ప్రాంతంలో జర్మనీలోని మైన్జ్ నగరంలో, కలిగిన కుటుంబంలో జన్మించాడు. వంశనామం గెన్స్‌ఫ్లైష్. గూటెన్‌బర్గ్ అన్నది వాళ్ళ భవనం పేరు. మనం ఇంటిపేరు అనే మాట ఆయన విషయంలో అక్షరాలా నిజమన్నమాట! 1430ల్లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటూ, ఆహెన్ యాత్రికులకు అమ్మడానికి చిన్న చిన్న లోహపు అద్దాలు చేయించే వ్యాపారం పెట్టాడు. తీరా చూస్తే ఆ యాత్ర ఏడాది వాయిదా పడింది. భాగస్వామి ఒకరు చనిపోగా, అతని సోదరులు 1439లో కోర్టుకెక్కారు. 1448 నాటికి ఆయన మైన్జ్ తిరిగి వచ్చాడు. 1450లో యోహాన్ ఫుస్ట్ అనే ధనికుడి దగ్గర 800 గిల్డర్లు అప్పు చేశాడు. తర్వాత మరో 800 తీసుకున్నాడు.

ఇంతకీ ఆ డబ్బంతా ఏమైంది? అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆనాడు పుస్తకమంటే లేఖకుడు చేత్తో రాసినదే. లేఖకుడు వరస చివర సమంగా రావడానికి ఒక అక్షరాన్ని కాస్త ఇరికించేవాడు, మరొకదాన్ని సాగదీసేవాడు, రెండింటిని కలిపేసేవాడు, మాటను కుదించి పైన గీత పెట్టేవాడు. లాటిన్‌కు పాతిక అక్షరాలు లేవు. పెద్దవీ చిన్నవీ కలిపినా యాభైతో పని జరిగిపోయేది. గూటెన్‌బర్గ్ మాత్రం ఇంచుమించు 290 రకాల అచ్చులు పోత పోయించాడు. ఎందుకంటే అచ్చు పేజీ చేతిరాత పేజీలాగే కనబడాలి! అధ్యాయాల మొదటి అక్షరాల చోటు ఖాళీగా వదిలాడు. ఎర్రరంగు, నీలిరంగు అక్షరాలు తర్వాత చిత్రకారుడు చేత్తో దిద్దాలి. ముఖపత్రం లేదు, పేజీ నంబర్లు లేవు, ముద్రాపకుడి పేరూ లేదు. పేజీకి రెండు కాలమ్‌లు, ఎక్కువ పేజీల్లో కాలమ్‌కు 42 వరసలు. అలా దాదాపు 1,300 పేజీల బైబిలు, సుమారు 180 ప్రతులు 1455 నాటికి తయారయ్యాయి. పోలిక కుదిరితే మనం అచ్చుగుద్దినట్టుందంటాం. మొదటి అచ్చు మాత్రం చేతిరాతలా ఉండాలని తాపత్రయపడింది.

ఇది కొనేవాళ్ళను మోసం చెయ్యడమా? కాదనే నా అభిప్రాయం. తరతరాలుగా ఒకే రూపంలో చూసిన పవిత్రగ్రంథాన్ని పాఠకుడి కళ్ళు వెంటనే గుర్తుపట్టాలి. యంత్రం కొత్తదైనా పేజీ పరాయిది కాకూడదు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. 1455లో ఫుస్ట్ వడ్డీతో కలిపి 2,026 గిల్డర్లకు దావా వేశాడు. తీర్పు చాలావరకు ఫుస్ట్‌కే అనుకూలమైంది. ప్రెస్సు సామగ్రి కూడా ఆయన చేతికే పోయిందని చరిత్రకారుల భావన. 1457లో వెలువడిన మైన్జ్ కీర్తనల గ్రంథంలో ముద్రాపకుల పేర్లు అచ్చయ్యాయి. ఆ పేర్లు ఫుస్ట్‌వి, పీటర్ షోఫర్‌వి. షోఫర్ ఒకప్పుడు పారిస్‌లో లేఖకుడు! గూటెన్‌బర్గ్ పేరున్న ముద్రిత గ్రంథం మనకు ఒక్కటీ దక్కలేదు.

1465లో మైన్జ్ ఆర్చిబిషప్పు ఆయనను తన ఆస్థానంలో చేర్చుకుని ఏటేటా బట్టలు, ధాన్యం, ద్రాక్షసారా ఏర్పాటు చేశాడు. 1468లో ఆయన కన్నుమూశాడు. సమాధి చేసిన చర్చి కూడా తర్వాతి కాలంలో కూలిపోయింది.

ఆ తరువాతి దశాబ్దాల్లో పుస్తకానికి ముఖపత్రం, పేజీ నంబర్లు వచ్చాయి. అచ్చుకు తనదైన రూపం ఏర్పడింది. అంటే పాత వేషం అవసరం తీరాక దానంతటదే సడలిపోతుంది. కాని ఎవరి అవసరం తీరాక? రేపు మనలో కొందరు తెరలు తయారుచేసే ఉద్యోగాల్లో చేరతారు. అలవాటైన చేతికి చెత్తబుట్ట బొమ్మ చాదస్తంగానే కనిపించవచ్చు. మొదటిసారి ఫోను పట్టుకున్న మన ఊరి పెద్దమనిషికి మాత్రం, ఆ తెరమీద తెలిసిన వస్తువు అదొక్కటే కావచ్చు. దాన్ని తీసేసేముందు ఆయననొకసారి అడగడం మన ధర్మం.