పండిత మధుసూదన్ గుప్తా

కిందటి పాఠంలో మన శరీరం కణాలతో నిర్మితమై ఉంటుందని చదివారు. ఒకే రకమైన పని చేసే కణాలన్నీ కలిస్తే కణజాలం అవుతుందనీ తెలుసుకున్నారు. ఈ సంగతులు ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా దొరుకుతాయి. కాని సుమారు రెండువందల ఏళ్ల కిందట మన దేశంలో వైద్యం నేర్చుకునేవారికి మనిషి దేహం లోపల ఏముందో కళ్లారా చూసే అవకాశం లేదు. ఆ స్థితిని మార్చినవారిలో ముందు చెప్పుకోవలసిన వ్యక్తి పండిత మధుసూదన్ గుప్తా.

ఆయన 1800లో బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా, బైద్యబాటిలో ఆయుర్వేద వైద్యుల కుటుంబంలో పుట్టారు. కలకత్తా సంస్కృత కళాశాలలో చదివి, 1830లో అక్కడే వైద్యం బోధించే పండితులయ్యారు. సుశ్రుత సంహితను అచ్చుకు సిద్ధం చేసింది కూడా ఆయనే. అది 1835, 1836 సంవత్సరాల్లో వెలువడింది.

ఆ గ్రంథంలో ఒక ఆశ్చర్యకరమైన విషయం ఉంది. శరీరం గురించి తెలుసుకోగోరే వైద్యుడు శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో ఉంచాలట. ఏడు రాత్రులు గడిచాక బయటికి తీసి, వట్టివేళ్లు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనే పరిశీలించాలట. శాస్త్రం ఇంత స్పష్టంగా చెప్పినా ఆచరణ ఏనాడో ఆగిపోయింది. శవాన్ని ముట్టడం మైల. కోస్తే కులం నుంచి వెలివేస్తారన్న భయం. కాబట్టి పండితులు శ్లోకాలు వల్లించేవారు, దేహాన్ని చూసేవారు కాదు.

1835లో కలకత్తా వైద్య కళాశాల ఏర్పడింది. సంస్కృత కళాశాలలోని వైద్య తరగతిని ఎత్తివేశారు. మధుసూదన్ కొత్త కళాశాలకు మారారు. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఆచార్యుడు డాక్టర్ గుడీవ్. బొమ్మలతో, జంతువుల అవయవాలతో ఎంతకాలమని పాఠం చెబుతారు? మనిషి శవాన్ని కోయక తప్పదు. మొదట ఎవరు కోయాలి?

1836లో ఆ రోజు వచ్చింది. అది జనవరి 10 అని కొందరు, అక్టోబరు 28 అని కొందరు అంటారు. ఆ సన్నివేశాన్ని తరవాతి కాలంలో బెథూన్ అనే అధికారి ఒక ప్రసంగంలో వర్ణించాడు. మధుసూదన్ కత్తి చేతబట్టి గుడీవ్ వెంట, శవం ఉంచిన గదిలోకి వెళ్లారు. విద్యార్థులకు కుతూహలం, భయం రెండూ ఉన్నాయి. వెంట వచ్చారు గాని లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి, కిటికీ చెక్కల సందుల్లోంచి తొంగి చూశారు. చేయి వణకకుండా మధుసూదన్ శవం రొమ్ముపై పొడవుగా, లోతుగా కోశారు.

ఆ గౌరవార్థం కోటలో ఫిరంగులు పేల్చారని ఒక కథ ఉంది. కథ సంగతి అలా ఉంచి, కత్తి వెళ్లిన దారి చూడండి, మన పాఠమంతా అందులోనే ఉంది. ముందు తెగేది చర్మం. దాని పైపొర ఉపకళా కణజాలం. ఒంటిని కప్పి కాపాడడం దాని పని. దాని కింద పసుపుపచ్చని కొవ్వు, తరవాత ఎర్రని కండరం, ఆపైన పక్కటెముకలు. కొవ్వు, ఎముక చూడడానికి వేరువేరుగా ఉన్నా రెండూ సంయోజక కణజాలాలే. రక్తం కూడా ఆ కోవలోదే! కండరం ముడుచుకుంటుంది, సడలుతుంది. మీరు ఊపిరి పీల్చుకునేటప్పుడు పక్కటెముకల మధ్య కండరాలు చేసే పని అదే. ఒక్కొక్క పక్కటెముక కింది అంచు వెంబడి సన్నని దారంలా ఒక నాడి వెళుతుంది. అది నాడీ కణజాలం. ఇలా నాలుగు రకాలూ ఒక్క రొమ్ముభాగంలోనే కనిపిస్తాయి. ఇవన్నీ కణాలతో ఏర్పడ్డాయని మాత్రం ఆనాటికి ఇంకా తేలలేదు. జంతువుల కణజాలాలన్నిటికీ కణాలే ఆధారమని జర్మనీ శాస్త్రజ్ఞుడు ష్వాన్ ప్రకటించింది 1839లో.

గుమ్మం దగ్గర ఆగినవారు మెల్లమెల్లగా లోపలికి వచ్చారు. 1837లో ఆ కళాశాలలో 60 శవాలను కోసి పరిశీలించారు. 1844 నాటికి ఆ సంఖ్య 500 దాటింది.

మధుసూదన్‌కు ఇంకొక పట్టుదల ఉండేది. ఇంగ్లీషు రానంత మాత్రాన ఎవరూ ఈ విద్యకు దూరం కాకూడదు. అందుకే హూపర్ రాసిన శరీర నిర్మాణ గ్రంథాన్ని సంస్కృతంలోకి అనువదించారు. లండన్ ఔషధ గ్రంథాన్ని 1849లో బెంగాలీలోకి తెచ్చారు. దేశభాషల్లో వైద్యం నేర్పే తరగతులను నడిపారు. ఈ పాఠాన్ని మీరు తెలుగులో చదువుతున్నారు గనుక ఆ శ్రమ విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆయనకు మధుమేహం ఉండేది. ఆ జబ్బు ఉన్నవారికి పుండు పడితే త్వరగా మానదు, చీము విషం రక్తంలోకి పాకుతుంది. శవాలతో పని చేసేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సూక్ష్మజీవుల వల్ల ఇలా జరుగుతుందని అప్పటికి రుజువు కాలేదు, చేతి తొడుగులు వేసుకోవడం మామూలు అలవాటు కాదు. అయినా ఆయన ఆ పని వదలలేదు. 1856 నవంబరు 15న అలాంటి విషదోషంతోనే ఆయన కన్నుమూశారు.