యంత్రాలు మారినా ఆగని చదువు

ఏడేళ్ల వయసులో గ్రేస్ హాపర్ ఇంట్లోని ఏడు అలారం గడియారాలను వరసగా విప్పేశారు, లోపల ఏముందో చూడాలని. తల్లి ఆ అలవాటు మాన్పించలేదు. ఇకపై ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోమన్నారు.

1906లో న్యూయార్క్‌లో పుట్టిన హాపర్‌కు లాటిన్‌లో మార్కులు తగ్గి, వాసర్ కాలేజీలో మొదటిసారి సీటు రాలేదు. మరుసటి ఏడాది చేరారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ పొందారు.

1944లో అమెరికా నౌకాదళం ఆమెను హార్వర్డ్‌కు పంపింది. అక్కడి మార్క్-1 కంప్యూటర్ పొడవు 50 అడుగుల పైనే. రిలే స్విచ్‌లతో నడిచేది. తర్వాత వాక్యూమ్ ట్యూబుల యూనివాక్ వచ్చింది. 1952లో దానికోసం ఆమె తొలి కంపైలర్ తయారుచేశారు. ఆపై ట్రాన్సిస్టర్లు, చిప్‌లు వచ్చాయి. ప్రతి తరం యంత్రాన్నీ ఆమె కొత్తగా నేర్చుకున్నారు.

కంప్యూటర్లు చిన్నవి ఎందుకు కావాలో చెప్పడానికి ఆమె దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతులో విద్యుత్ సంకేతం అంతకుమించి వెళ్లలేదు. దూరం తగ్గితేనే వేగం పెరుగుతుంది.

1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేశారు. 1992లో కన్నుమూశారు.

ఇంట్లో పాడైన గడియారం ఉంటే, బ్యాటరీ తీసి మీ పిల్లల చేతికివ్వండి. ఒక్కటి చాలు.