టెస్లా గారి ఉపకారవేతనం

మన సంఘం ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలు వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. నాకు చెప్పుకోదగ్గ అనుభవాలు లేవు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు ఉపకారవేతనాల సెక్షనులో గుమాస్తాగా గడిపాను. ఇంజనీరింగు కాలేజీల నుంచి వచ్చే రెన్యూవల్ దరఖాస్తుల్లో మార్కులు, హాజరు, ఆదాయ ధ్రువపత్రం సరిచూసి నోటు పెట్టడం నా పని. అందుచేత నా సంగతికి బదులు ఒక మహనీయుని జీవితం వ్రాస్తున్నాను. ఆయన కూడా ప్రభుత్వ ఉపకారవేతనంతో ఇంజనీరింగులో చేరినవారే. పేరు నికోలా టెస్లా. ఆ పేరు చెబితే మా మనవడు కారు గురించా తాతయ్యా అన్నాడు. ఆ కారు కంపెనీ 2003లో పుట్టింది. పేరు ఈయనదే గాని ఆయనకు దానితో ఏ సంబంధమూ లేదు.

టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియా దేశంలో ఉంది. ఆ రోజుల్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యపు సరిహద్దు ప్రాంతం, సైనికాధికారుల పాలన. తండ్రి మిలుటిన్ సెర్బు ఆర్థొడాక్సు చర్చిలో పురోహితులు. తల్లి బడికి వెళ్ళి చదువుకోలేదు. అయినా ఇంటికి కావలసిన పనిముట్లు తానే తయారుచేసుకునేది, పొడవాటి పద్యాలు కంఠతా చెప్పేది. తనకు అబ్బిన నేర్పు తల్లిదేనని టెస్లా చివరిదాకా నమ్మారు. అన్నగారు చిన్నతనంలోనే గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో పోయారు. మిగిలిన ఒక్క మగపిల్లవాడు పౌరోహిత్యంలోకి రావాలని తండ్రి పట్టుదల. మన ఇళ్ళలో జరిగేదే.

1873లో స్కూలు చదువు ముగించుకుని ఇంటికి రాగానే కలరా పట్టుకుంది. తొమ్మిది నెలలు మంచం దిగలేదు. ఒక దశలో ఆశ వదులుకున్నారు. ఇంజనీరింగుకు పంపిస్తే కోలుకుంటానేమో అని కొడుకు అడిగితే, తండ్రి మంచం పక్కన కూర్చుని సరేనని మాట ఇచ్చారు. ఆ మాట ప్రకారం 1875లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో సాంకేతిక కళాశాలలో చేర్పించారు. ఆ సైనిక సరిహద్దు పాలనవారి నిధి నుంచి ఉపకారవేతనం మంజూరైంది.

మొదటి సంవత్సరం ఒక్క క్లాసు మానలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి రాత్రి పదకొండు దాకా చదివేవారట. ఆదివారాలు, పండుగలు లేవు. రాయవలసినదానికి దాదాపు రెట్టింపుగా తొమ్మిది పరీక్షలు ప్యాసయ్యారు. కళాశాల పెద్దలు తండ్రికి ప్రశంసాపత్రం పంపారు. అయినా ఇంటికి వెళ్తే తండ్రి మెచ్చుకోలేదు. ఆయన పోయిన తరువాత పాత కాగితాల్లో ఒక కట్ట దొరికింది. మీ అబ్బాయిని ఇక్కడి నుంచి తీసుకుపోండి, ఇలా చదివితే చచ్చిపోతాడు అని ప్రొఫెసర్లు వ్రాసిన ఉత్తరాలు అవి. మా సెక్షనుకు అలాంటి ఉత్తరం ఎన్నడూ రాలేదు. వచ్చేవి మార్కుల జాబితాలే.

రెండవ సంవత్సరంలో పారిస్ నుంచి గ్రామ్ డైనమో అనే యంత్రం కళాశాలకు వచ్చింది. ప్రొఫెసర్ పోష్ల్ గారు దాన్ని మోటారుగా తిప్పి చూపిస్తుంటే బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు ఎగిరాయి. మన ఇంట్లో మిక్సీ తిరిగేటప్పుడు అడుగున నీలంగా మెరిసేది అదే. కార్బన్ బ్రష్షులు అరిగాయని మెకానిక్కు మారుస్తాడు చూడండి, అవే. ఈ బ్రష్షులూ, అవి రాసుకునే కమ్యుటేటరూ లేకుండా మోటారు తిరగాలని టెస్లా లేచి అన్నారు. అది అసాధ్యమని రుజువు చేయడానికి ప్రొఫెసరు గారు ఒక క్లాసంతా వెచ్చించారు. కుర్రవాడు అప్పటికి ఊరుకున్నాడు గాని మనసులోంచి ఆ యంత్రం పోలేదు.

ఆ తరువాత కథ వేరు. పేకాట, బిలియర్డ్సు మొదలయ్యాయి. రాత్రంతా బల్ల దగ్గరే. ఉపకారవేతనం చదువు ముగిసేదాకా నిలవలేదు. మాతిత్సా స్రప్స్కా అనే సెర్బుల సాహిత్య సంస్థను సహాయం కోరితే 1876లోనూ, 1878లోనూ కూడా కాదన్నారు. మూడవ సంవత్సరం పరీక్షలు పూర్తికాలేదు, పట్టా రాలేదు. 1878 డిసెంబరులో గ్రాజ్ వదిలి, ఇంట్లో చెప్పకుండా మారిబోర్ అనే ఊరు చేరి నెలకు 60 ఫ్లోరిన్ల జీతానికి డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరారు. తండ్రి వెతుక్కుంటూ వెళ్ళి తిరిగి రమ్మని బతిమాలారు, రాలేదు. కొద్ది రోజులకు నివాస అనుమతి లేదని పోలీసులే ఇంటికి పంపించారు. 1879 ఏప్రిల్‌లో తండ్రి చనిపోయారు. జూదం మాన్పించింది తల్లి. ఒకనాడు చేతిలో నోట్ల చుట్ట పెట్టి, ఉన్నదంతా ఎంత త్వరగా పోగొడితే అంత మంచిదని చెప్పిందట. ఆ డబ్బుతో పోయినదంతా గెలుచుకుని, అంతటితో ఆట మానేశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. టెస్లా గారి మూడవ సంవత్సరం ఫైలు నా బల్ల మీదికి వచ్చి ఉంటే రెన్యూవల్‌కు అర్హుడు కాడని నేనూ నోటు పెట్టేవాడినే. అలాంటి నోటు ఒకటి 1984లో పెట్టాను. ఎలక్ట్రికల్ బ్రాంచి రెండవ సంవత్సరం కుర్రవాడు, రెండు సబ్జెక్టులు పోయాయి, హాజరు తక్కువ. తండ్రి కండువా చేతబట్టుకుని మూడు రోజులు మా వరండాలో నిలబడ్డాడు. నిబంధన చూపించాను. పై అధికారి నా నోటు మీదే సంతకం చేశారు. రెండేళ్ళ తరువాత పాత ఫైళ్ళు తీసివేసే పనిలో అదే ఫైలు విప్పితే, వెనక కాగితాల్లో పెద్దాసుపత్రి డాక్టరు ఇచ్చిన కామెర్ల సర్టిఫికెట్టు ఉంది. జబ్బు చేసినవారికి హాజరు మినహాయింపు అడిగే వీలు ఉండేది. ఆ రోజు నేను ఆ కాగితం తిరగెయ్యలేదు. కాలేజీకి ఉత్తరం వ్రాస్తే, విద్యార్థి మానేసినాడని జవాబు వచ్చింది.

టెస్లా గారికి మేనమామలు ఆదుకున్నారు. వారి డబ్బుతో 1880లో ప్రేగ్ వెళ్ళారు. గ్రీకు భాష రాదు గనుక విశ్వవిద్యాలయంలో సీటు దొరకలేదు. వెనక కూర్చుని పాఠాలు విన్నారు. ఆ తరువాత బుడాపెస్టులో టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. 1882లో ఒక సాయంకాలం అక్కడి పార్కులో మిత్రునితో నడుస్తుండగా గ్రాజ్‌లో మొదలైన ప్రశ్నకు జవాబు తట్టింది. వెంటనే పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి చూపించారు. ఒకదాని వెనక ఒకటిగా వచ్చే ఆల్టర్నేటింగు కరెంట్లను చుట్టూ అమర్చిన తీగచుట్టల్లోకి పంపితే అయస్కాంత బలం తనంతట తానే గిరగిర తిరుగుతుంది. మధ్యనున్న ఇరుసు దాని వెంట తిరుగుతుంది. బ్రష్షులు అక్కరలేదు. పొలంలో మన బావి మోటారు సూత్రం ఇదే. ఇటలీలో ఫెర్రారిస్ గారికి కూడా ఇదే ఆలోచన విడిగా వచ్చింది. మూడు ఫేజుల మోటారును 1889లో తయారుచేసింది జర్మనీలో పనిచేసిన డోబ్రోవోల్‌స్కీ గారు. ఎవరి వంతు వారికి చెప్పాలి గదా.

1884లో అమెరికా చేరి ఎడిసన్ గారి కార్ఖానాలో కొన్ని నెలలు పనిచేశారు. తరువాత సొంతంగా పెట్టిన కంపెనీలో భాగస్వాములు వదిలేస్తే రోజుకు 2 డాలర్ల కూలికి గోతులు తవ్వారు. 1888 మేలో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో తన మోటారును వివరించారు. ఆ ఏడే వెస్టింగ్‌హౌస్ గారు పేటెంట్లు తీసుకున్నారు. 1896 నవంబరులో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బఫెలో నగరానికి చేరింది. ఆ ఇంజనీర్ల సంస్థే 1963లో మరొకదానితో కలిసి ఐ.ఇ.ఇ.ఇ. అయింది. విద్యుత్ రంగంలో స్థిరపడదలచిన డిగ్రీ విద్యార్థులకు దాని విద్యుచ్ఛక్తి విభాగం 2011లో ఉపకారవేతనాలు మొదలుపెట్టింది. అందులోనూ మార్కులు చూస్తారు.

డబ్బు నిలుపుకోవడం టెస్లా గారికి చేతకాలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఒక హోటలు నుంచి మరొక హోటలుకు మారుతూ ముసలితనం గడిపారు. 1934 నుంచి వెస్టింగ్‌హౌస్ కంపెనీ నెలకు 125 డాలర్లు, గది అద్దె భరించింది. మన భాషలో పెన్షనే. ఎనభై దాటిన వయసులో, 1937లో, గ్రాజ్ కళాశాల ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చదువు మధ్యలో వదిలి వెళ్ళిన 59 ఏళ్ళకు. 1943 జనవరి 7న న్యూయార్కులో హోటలు గదిలో ఒంటరిగా కన్నుమూశారు.

1984, 85 ప్రాంతంలో మన జిల్లాలో పనిచేసిన మిత్రులకు ఒక మనవి. రెండవ సంవత్సరంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు మానేసిన ఆ కుర్రవాడు ఇప్పుడు అరవై దాటి ఉంటాడు. విద్యుత్ సబ్‌స్టేషన్లోనో, మోటారు వైండింగు షాపులోనో అటువంటి వారు ఎవరికైనా తారసపడి ఉంటే, సంఘం ఆఫీసులో కబురు చెప్పగలరు.