కాటన్ దొర – రైలు కంపెనీలు

గోదావరి జిల్లాల వాళ్ళకి కాటన్ దొరగారంటే ధవళేశ్వరం ఆనకట్టే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పని గురించీ, అందులో ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నగారి గురించీ మన పిల్లలు అమ్మమ్మల దగ్గర వినే ఉంటారు. ఆయనకీ రైలు కంపెనీలకీ నడిచిన తగవు గురించి మాత్రం మనం అంతగా చెప్పుకోం. అందుకే ఈసారి అది రాస్తున్నాం.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టారు. 1821లో, పద్దెనిమిదేళ్ళ వయసులో మద్రాసు వచ్చారు. రైళ్ళంటే గిట్టదని పేరుపడ్డ ఈయనే 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్లకి కావలసిన రాయి తేవడానికి పట్టాల దారి వేయించారంటే ఆశ్చర్యమే! మన దేశంలో తొలి రైలు దారి అదే అంటారు. దాని మీద బళ్ళని చాలావరకు పశువులే లాగేవి.

ఆ రోజుల్లో రైలు కంపెనీ పెట్టాలంటే ఈనాటిలా ఆఫీసులో ఫారం నింపితే సరిపోయేది కాదు. ఆ ఒక్క కంపెనీ కోసమే లండన్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. అప్పుడే ఆ కంపెనీ ఒక మనిషిలాగా తన పేరున ఆస్తి ఉంచుకోగలదు, కోర్టుకి వెళ్ళగలదు. ఈస్టిండియన్ రైల్వేకీ, బొంబాయి వైపు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేకీ 1849లో ఇలాంటి చట్టాలు వచ్చాయి. మద్రాసు రైల్వే మాట 1845లోనే మొదలైనా చట్టం వచ్చేసరికి 1853 అయింది. రాయపురం నుంచి ఆర్కాటు వైపు రైలు నడిచింది 1856లో. ఇక్కడ మనం పాపాటోయ్‌టోయ్‌లో రైలెక్కుతాం కదా, ఆక్లాండ్ నుంచి డ్రూరీ వైపు వెళ్ళే ఆ దారికి కూడా 1863లో విడిగా ఒక చట్టం చేశారు.

చట్టంతో పాటు కంపెనీలకి ఇంకో వరం దొరికింది. స్థలం ఉచితం. పెట్టుబడి మీద ఏటా సుమారు 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ. రైలు అంత సంపాదించకపోతే లోటుని మన దేశపు ఖజానా నుంచి, అంటే రైతులు కట్టిన శిస్తులోంచి కూడా, పూడ్చాలి. ఖర్చు ఎక్కువైనా లండన్‌లోని వాటాదారుకి నష్టం లేదు. కాటన్‌గారికి ఒళ్ళు మండింది ఇక్కడే. అదే డబ్బుతో కాలువలు తవ్విస్తే పొలం తడుస్తుంది, పడవ మీద సరుకూ చవగ్గా చేరుతుందని ఆయన వాదన.

ఆయన అన్నదంతా సరైనదని మేము అనం. నీళ్ళు లేని కాలువలో పడవ నడవదు. కరువులో ధాన్యాన్ని దూరం నుంచి వేగంగా తేగలిగింది రైలే. కానీ ఆ హామీ సంగతిలో మాత్రం ఆయన కోపం న్యాయమైనదే అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే చివరికి కాలువలకీ అదే దారి పట్టాల్సి వచ్చింది. ఆయన ప్రోత్సాహంతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి 1858లో పార్లమెంటు చట్టం వచ్చింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి అదే 5 శాతం హామీ! తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వారు. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నల్లరేగడి రైతులు నీళ్ళు తీసుకోవడానికి ముందుకు రాలేదు. కంపెనీ తేరుకోలేకపోయింది, 1882లో ప్రభుత్వమే కాలువని కొనేసింది. ఇప్పటి కె.సి. కెనాల్ అదే.

ఈలోగా 1878లో, మహా కరువు తర్వాత, కాటన్‌గారు పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. 75 ఏళ్ళ వయసులో కూడా కాలువల పక్షాన గట్టిగానే వాదించారు. కమిటీ ఆయన లెక్కల్ని ఒప్పుకోలేదు.

1899 జూలై 24న ఆయన ఇంగ్లండులో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాదే, ఆయన ఆనకట్టకి కొద్ది మైళ్ళ ఎగువన, రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీదుగా గోదావరిని రైలు దాటింది.