అన్న పంపిన ఎనిమిది రూపాయలు

చదువుకు మేలు చేసిన ఒక మహనీయుడి గురించి రాయమని స్వర్ణోత్సవ సంచిక కమిటీ మిత్రులు అడిగారు. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి కాబట్టి రామానుజన్ గురించి రాస్తాననుకున్నారు కాబోలు. నేను గోపాలకృష్ణ గోఖలేని ఎంచుకున్నాను. గాంధీగారి రాజకీయ గురువు ఎవరు అనే ఒక మార్కు ప్రశ్నకు మనమంతా రాసిన పేరే. అంతకు మించి నాకూ తెలియదు, రిటైరయ్యాక ఆయన జీవితచరిత్ర చదివేదాకా.

గోఖలే 1866 మే 9న రత్నగిరి జిల్లా కోట్లుక్ అనే పల్లెలో పుట్టాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. అన్న గోవిందరావు చదువు మానేసి, నెలకు పదిహేను రూపాయల ఉద్యోగంలో చేరాడు. అందులో ఎనిమిది రూపాయలు కొల్హాపూర్‌లో చదువుతున్న తమ్ముడికి పంపేవాడు. మిగిలిన ఏడు రూపాయలతో ఇల్లంతా గడవాలి. ఒకసారి స్నేహితుడు నాటకానికి తీసుకెళ్లాడట. పిలిచినవాడే టికెట్టు పెట్టుకుంటాడనుకుంటే, తర్వాత రెండణాలు అడిగాడట. ఆ రెండణాలూ పూడ్చడానికి గోఖలే దీపం నూనె ఆదా చేసి, వీధి దీపం కింద చదువుకున్నాడని చెబుతారు. మెట్రిక్ అయ్యాక తానూ ఉద్యోగం చూసుకుంటానంటే అన్న ఒప్పుకోలేదు. కాలేజీ ఖర్చుకు వదిన తన నగలు తీసి ఇచ్చింది.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ పాసయ్యేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. పెద్ద ఉద్యోగానికి పోకుండా పూనాలో ముప్పై అయిదు రూపాయల జీతానికి బడిపంతులయ్యాడు. తర్వాత దక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీలో ఇరవై ఏళ్లు పనిచేస్తానని మాటిచ్చి, ఫెర్గుసన్ కాలేజీలో లెక్కలు, ఇంగ్లీషు, చరిత్ర, అర్థశాస్త్రం, ఏది చెప్పమంటే అది చెప్పాడు. ఆయన తయారుచేసిన అంకగణితం పుస్తకం చాలాకాలం బడుల్లో నడిచింది. 1902లో ముప్పై రూపాయల పింఛనుతో బయటికొచ్చి, ఢిల్లీకింకా రాజధాని రాని ఆ రోజుల్లో కలకత్తాలోని వైస్రాయి శాసనమండలిలో కూర్చున్నాడు.

ఆ మండలిలో మనవాళ్లు మాట్లాడవచ్చు గానీ, ఓట్ల బలం సర్కారుదే. గోఖలే ఏటా బడ్జెట్ చర్చలో సైన్యానికెంత, ఉప్పు పన్ను ఎంత, చదువుకెంత అని అంకెలతో నిలదీసేవాడు. 1910 మార్చిలో ప్రాథమిక విద్య ఉచితంగా, నిర్బంధంగా ఉండాలని తీర్మానం పెట్టి, హామీ తీసుకుని వెనక్కి తీసుకున్నాడు. హామీతో సరిపెట్టుకోకుండా 1911 మార్చి 16న ఏకంగా బిల్లే తెచ్చాడు.

ఆ బిల్లు చదివితే లెక్కల మాస్టారు రాసిందని తెలిసిపోతుంది. దేశమంతా ఒక్కసారిగా అనలేదు. ఇప్పటికే కొంత శాతం పిల్లలు బడికి వెళుతున్న చోట మునిసిపాలిటీ గానీ జిల్లా బోర్డు గానీ తానే ముందుకొచ్చి నిర్బంధ విద్య పెట్టుకోవచ్చు. ఆరు నుంచి పదేళ్ల మగపిల్లలను బడికి పంపి తీరాలి. నెలకు పది రూపాయల లోపు ఆదాయమున్న తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. ఖర్చులో రెండు వంతులు సర్కారు, ఒక వంతు స్థానిక సంస్థ భరించాలని ఆయన ఉద్దేశం. ఆడపిల్లల సంగతి తర్వాత చూద్దామన్నాడు. నాకు ఆయనతో పేచీ అక్కడే. కాస్త అడిగితేనైనా ఇస్తారని జంకి ఉంటాడు. అంత తక్కువ అడిగినా ఇవ్వలేదు కదా!

రెండు రోజుల చర్చ తర్వాత 1912 మార్చి 19న ఓటింగు జరిగింది. అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38. జిన్నా, మాలవీయ ఆయన పక్షాన మాట్లాడారు. వ్యతిరేకించింది తెల్లదొరలే అనుకుంటే పొరపాటు, మన జమీందార్లూ ఉన్నారు. పేదవాడి కొడుకు బడికెళితే పొలంలో కూలికెవరు వస్తారన్న భయం ఒకటి. బరోడా మహారాజు 1906కే తన సంస్థానమంతటా నిర్బంధ విద్య పెట్టి చూపించినా వాళ్లకు ఆనలేదు. ఓడిపోతానని గోఖలేకి ముందే తెలుసు. తెలిసే తెచ్చాడు.

1915 ఫిబ్రవరి 19న, యాభై ఏళ్లయినా నిండకుండా పోయాడు. ఆయన అడిగిన పద్ధతిలోనే 1918లో బొంబాయి, 1920లో మన మద్రాసు రాష్ట్రం చట్టాలు చేశాయి. ఆడామగా తేడా లేకుండా ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఆ తీర్మానం పెట్టి సరిగ్గా నూరేళ్లు.

ఇక నా సంగతి. మా నాన్న పోయినప్పుడు అన్నయ్య మన బళ్లోనే ఎనిమిదో తరగతి. లెక్కల్లో నాకంటే చురుకు. మర్నాటి నుంచి రైసుమిల్లులో బస్తాలు మోశాడు. నా పుస్తకాలు, పరీక్ష ఫీజు, టీచర్ ట్రైనింగు అన్నీ ఆ బస్తాల మీదే నడిచాయి. గోవిందరావు గురించి చదివి నేను పుస్తకం మూసింది అందుకే. తమ్ముడు పైకి రావడానికి అన్న ఆగిపోవలసిన అవసరం ఏ ఇంట్లోనూ ఉండకూడదని గోఖలే ఆ బిల్లు రాశాడని నాకనిపిస్తుంది. ఆయన ఎక్కడా అలా అనలేదు, నా ఊహే.

మన సంఘం సభ్యుల జాబితా పదో తరగతి రిజిస్టర్ల నుంచి తయారైంది. అందుకే అందులో అన్నయ్య పేరు లేదు. ఎనిమిదేళ్లు ఆ బెంచీల మీదే కూర్చున్నాడు. పదికి ముందే మానేసిన వాళ్ల పేర్లు పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంటాయి. వాటిని వెతికి రాసే పని నాకప్పగించండి, తీరికగానే ఉన్నాను. స్వర్ణోత్సవం నాటికి అన్నయ్యను నాతోపాటు తీసుకొస్తాను.